రెండు వాచీలు, ఒక ఊయల

పేరిందేవమ్మగారి దగ్గర సంగీతానికి చేరినవాళ్ళందరికీ మొదటి నెలలోనే ఒక సంగతి తెలిసిపోతుంది. ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆరోహణలో ఫలానా స్వరం ఎందుకు రాకూడదని అడిగిన ఒకమ్మాయిని మేడమీద ఆరబెట్టిన వడియాలు తెమ్మన్నారట. వడియాలు అప్పుడే వచ్చాయి గానీ, జవాబు దొరకడానికి ఆ పిల్లకి ఆర్నెల్లు పట్టింది. విజయనగరంలో ఈ మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. నవ్వుకుని, తమ పిల్లల్ని మళ్ళీ ఆవిడ దగ్గరికే పంపుతారు.

హిమజ అడిగిన ప్రశ్న మాత్రం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అడగనిది. ఒక మధ్యాహ్నం రెండు చేతులకీ రెండు స్మార్ట్‌వాచీలు పెట్టుకుని వచ్చి కూర్చుని, ఈ రెండింట్లో ఏది ఉంచుకోమంటారని అడిగింది.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూశారు. "రెండు చేతులకీ ఉంటే, పోలీసులు బేడీలేసి పట్టుకొచ్చారేమో అనుకున్నానమ్మా," అన్నారు.

హిమజకి నవ్వు రాలేదు. వారం రోజులుగా ఆమెకి ఇదే లోకం. ఏ వాచీ గొప్పదో చెప్పే వీడియోలన్నీ చూసింది. ఒకడు గుండ్రటిది కొనమంటాడు, ఇంకొకడు చదరపుది కొనకపోతే జన్మే దండగన్నట్టు మాట్లాడతాడు. తేల్చుకోలేక రెండూ తెప్పించింది. నచ్చనిది వెనక్కి పంపడానికి మర్నాడే ఆఖరు. ఎడమచేతికున్న గుండ్రటిది గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూపిస్తుంది. కుడిచేతికున్న చదరపుది ఆ పనీ చేస్తుంది, పైగా మనం పెట్టుకున్న వేగంలో మణికట్టు మీద టకటకా తడుతుంది కూడా. చిక్కల్లా ఏమిటంటే, రెండింటికీ గుండె లెక్క దగ్గరే పొత్తు కుదరడం లేదు. ఒకే మనిషి ఒంట్లో రెండు గుండెలున్నట్టు చెరో మాటా చెబుతున్నాయి.

ఆమెకి వాచీ ఎందుకు కావలసి వచ్చిందో గురువుగారికి తెలుసు. రాబోయే శనివారం ఆవిడ కచేరీ. ఆనందభైరవిలో ఒక చౌక కీర్తన, బాగా నిదానంగా సాగేది, అందులో హిమజ ఒక్కతే పాడాలి. పేరిందేవమ్మగారి ఊపిరికి ఆ పొడుగు సంగతులు ఇక అందడం లేదు. హిమజ గొంతుకి అందుతాయి. కానీ హిమజకి ఒక జబ్బుంది. చిన్నప్పటినుంచీ గురువంటూ లేకుండా ఫోన్లో విని విని సొంతంగా నేర్చుకున్న పిల్ల. మొదలుపెట్టిన వేగంలో చివరిదాకా నిలవలేదు, పరిగెత్తుతుంది. కిందటి నెల ఒకరింట్లో పాడినప్పుడు మృదంగం వాయించే పెద్దాయన వెనకాల పరిగెత్తి పరిగెత్తి, అయ్యాక తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, అమ్మాయికి రైలు టైమయిందా అని అందరిముందూ అడిగాడు. ఇంటికొచ్చాక గురువుగారు ఒకే ఒక్క మాట అన్నారు. "ఇంకోసారి ఇలా అయితే ఆ కీర్తన మూటగట్టి అటకమీద పెట్టేద్దాం."

పరిగెత్తే చోటు ఏదో హిమజకి తెలుసు. పాట సన్నబడి, ఒక మాటకీ తరవాతి మాటకీ మధ్య ఖాళీ వచ్చే చోట అది. ఆ ఖాళీలో ఆమెకి కాళ్ళకింద నేల లేనట్టుంటుంది. జనమంతా తననే చూస్తున్నారనిపిస్తుంది. గబుక్కున అవతలి మాటమీదికి దూకేస్తుంది. అక్కడ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని, ఆగు అని చెప్పేవాళ్ళుంటే బావుణ్ణని రాత్రుళ్ళు అనుకునేది. మనిషి కుదరదు గనక వాచీ. అదీ ఆమె లెక్క.

వాచీల సంగతి ఆమె చెబుతుండగానే కింది గదిలోంచి పైడితల్లి పైకొచ్చింది. వీధివైపు గదిలో అద్దెకుంటూ బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఏడాది నిండని కూతురుంది. పిల్లకి పళ్ళొస్తున్నాయి, నిన్నటినుంచీ కన్ను మూయలేదు, తల్లినీ మూయనివ్వలేదు. "అమ్మగోరూ, కుళాయి వచ్చీసింది. మా గుంటని కూసింతసేపు సూడండి, నీళ్ళట్టుకొచ్చెత్తాను," అని జవాబు కోసం ఆగకుండా బిందెలతో వెళ్ళిపోయింది.

పేరిందేవమ్మగారు మోకాలిమీద చెయ్యి ఆనించి లేచారు. "పద," అన్నారు. తన ప్రశ్న గాల్లోనే ఉండిపోయిందని హిమజకి ఉసూరుమంది. వాచీలు తీయబోతే, ఉండనీ అన్నారు ఆవిడ.

కింద గది చిన్నది. దూలానికున్న కొక్కెం నుంచి పాత చీర ఊయల పొడుగ్గా వేలాడుతోంది. అందులో పిల్ల పిడికిళ్ళు బిగించి ఏడుస్తోంది. గురువుగారు ఒక పీట మీద కూర్చుని, ఊయల తాడు హిమజ కుడిచేతికిచ్చి, కీర్తన అందుకోమన్నారు. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకో, తాళం వెయ్యకు అన్నారు.

హిమజ చదరపు వాచీలో శనివారానికని పెట్టుకున్న వేగం ఆన్ చేసింది. అది మణికట్టు మీద తట్టసాగింది. ఆ లెక్కకే తాడు లాగుతూ పల్లవి ఎత్తుకుంది. ఊయల వినలేదు. వాచీ తట్టేసరికి అది ఇంకా అవతలే ఉంది. వెళ్తున్నదాన్ని వెనక్కి లాగితే ఒక్క కుదుపు కుదిపి పక్కకి తిరిగింది. పిల్ల ఏడుపు రెట్టింపయింది. మళ్ళీ లాగింది, మళ్ళీ కుదుపు. గురువుగారి వంక చూస్తే ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు.

పిల్ల గొంతు బొంగురుపోతోంది. హిమజకి తన కీర్తన, తన శనివారం, అన్నీ ఆ ఏడుపు ముందు సిగ్గుచేటుగా కనిపించాయి. వాచీ తట్టుడు ఆపేసింది. ఊయల అవతలి కొసదాకా వెళ్ళి, ఒక్క క్షణం నిలిచి, తనంతట తాను తిరిగొచ్చేదాకా కాచుకుంది. వచ్చినప్పుడు తాడు మెల్లిగా అందించింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. అప్పుడు పల్లవి మొదటినుంచీ ఎత్తుకుంది, ఊయల తిరిగొచ్చే వేగానికే. ఏడుపు వెక్కిళ్ళయింది. వెక్కిళ్ళు నిట్టూర్పయ్యాయి.

అనుపల్లవి సగంలో గురువుగారు కళ్ళు తెరవకుండానే అన్నారు. "ఇక తాడు వదిలెయ్."

వదిలితే పిల్ల లేస్తుందేమో. అయినా వదిలింది, పాడుతూనే ఉంది. ఊయల ఊపు తగ్గింది. గోడదాకా వెళ్ళేది ఇప్పుడు కిటికీదాకానే వెళ్తోంది. తరవాత అదీ లేదు, మూరెడు, జానెడు. హిమజ గొంతు దానితోపాటే తగ్గింది. అప్పుడు గమనించింది హిమజ. ఊపు ఎంత చిన్నదైనా, వెళ్ళి రావడానికి ఊయల తీసుకునే వ్యవధి మారడం లేదు. గోడదాకా వెళ్ళినప్పుడు ఎంతసేపో, బెత్తెడు కదిలినప్పుడూ అంతసేపే. తొందర లేదు, బద్ధకం లేదు. ఇంతలో ఆమె భయపడే ఖాళీ వచ్చింది. ఊయల అందులోకి వెళ్ళింది. ఆమె కూడా వెళ్ళింది. అక్కడ నేల ఉంది. ఆ నేలమీద నిలబడి, తిరిగి రావలసినప్పుడే తిరిగొచ్చింది.

ఏ ఊపు ఆఖరుదో ఆమెకి తెలియలేదు. చరణం ముగించి చూసేసరికి ఊయల నిశ్చలంగా ఉంది. పిల్ల పిడికిళ్ళు విచ్చుకుని ఉన్నాయి. పైడితల్లి ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది, చంకలో బిందె దించడం కూడా మరిచిపోయి.

అప్పుడే రెండు వాచీలూ గుర్రుమన్నాయి. ఎడమచేతిది చాలాసేపటినుంచీ కదలకుండా కూర్చున్నారు, లేచి నాలుగడుగులు వెయ్యమంటోంది. తాడు లాగిన కుడిచేతిది రంగురంగుల బాణాసంచా కాలుస్తూ, ఈ రోజుకి నడవాల్సినదంతా నడిచేశారు, అభినందనలు అంటోంది. హిమజ రెండు చేతులూ చాపి చూపించింది. పైడితల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

గది దాటి వస్తూ హిమజ గుసగుసగా మళ్ళీ అడిగింది, దేన్ని వెనక్కి పంపమంటారని.

"ఏ పట్టీ రంగు నీ చేతికి నప్పితే అది ఉంచుకో," అన్నారు గురువుగారు. "శనివారం నువ్వే పాడు."

హిమజ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. "ఊయల ఆగిపోయింది గురువుగారూ," అంది, ఏదో పోగొట్టుకున్నదానిలా.

ఆవిడ కూడా అటు చూశారు.

"మనకి ఆగింది," అన్నారు. "ఆ పిల్ల నిద్రలో ఇంకా ఊగుతోంది."