మాణిక్యాంబ హొయ్

పరాంకుశానివి పాము చెవులని తెనాలిలో పాత రికార్డులు కొనేవాళ్లంతా ఒప్పుకున్నారు. చిక్కేమిటంటే, ఆ మాట పరాంకుశం కూడా నమ్మేశాడు.

గౌస్ సాహెబు రికార్డుల కొట్లో అతనిది ఆరేళ్ల శిష్యరికం. అట్ట మీద స్టీరియో అని ఎంత పెద్ద అక్షరాలతో అచ్చేసినా లెక్కచెయ్యడు. ముల్లు దించి అరనిమిషం వింటాడు. కుడి స్పీకర్లో ఒకటి, ఎడమ దాంట్లో ఇంకొకటి పలికితే అసలు స్టీరియో. రెండింట్లోనూ ఒకటే మోగితే మోనో, అట్ట అబద్ధమాడుతున్నట్టు. అరనిమిషం దాటి వినడం చెవులున్నవాడికి నామోషీ అని అతని సిద్ధాంతం.

ఇంత చేసినా గురువుగారు ఒక్కనాడు భేష్ అనలేదు. అదే అతని దిగులు.

ఒకరోజు పొద్దున్నే మాణిక్యాంబ అనే పెద్దావిడ ఆటో దిగింది. ఆవిడ సంచిలో ఒక ఎల్.పి. ఉంది. ఎప్పుడో మద్రాసులో గిటార్లూ డ్రమ్ములూ పెట్టి తీసిన తెలుగు పాప్ పాటలు.

"ఇందులో మూడో పాటకి కోరస్ పాడాను బాబూ, పెళ్లికి ముందు. మా ఇంట్లో ఒక్కరూ నమ్మరు. నీ గొంతేదీ, చూపించమంటారు. ఆ పాటలో నా గొంతు నాకే వినపడదు, వాళ్లకేం చూపించను? మమ్మల్ని ఎడంపక్క మైకు దగ్గర నిలబెట్టారు. రెండో చరణానికి ముందు నేనొక్కదాన్నే తొందరపడి హొయ్ అనేశాను. మాస్టారు గుడ్లురిమారు గానీ, దాన్ని తీసెయ్యలేదు."

పరాంకుశం మూడో పాట మీద ముల్లు దించాడు. గాయకుడి గొంతు నట్టనడుమ. గిటారూ నడుమే, డ్రమ్ములూ నడుమే. అరనిమిషానికి ముల్లెత్తేశాడు.

"ఇది మోనో అమ్మా. ఎడంపక్కా లేదు, కుడిపక్కా లేదు. అంతా కలిపి ముద్ద చేసేశారు. మీరు పాడింది ఇంకేదో రికార్డయ్యుంటుంది," అన్నాడు. అని ఊరుకోకుండా, పెన్సిలుతో అట్ట మూల 'మోనో' అని రాసేశాడు.

ఆవిడ మొహం చిన్నబోయింది. "అయ్యుంటుంది బాబూ. యాభై ఏళ్ల నాటి మాట," అంటూ సంచి అందుకుంది.

"కూచోండమ్మా," అని గౌస్ సాహెబు లేచాడు. ఒక స్పీకర్ని అసలు ఊడదీసి పక్కన పెట్టాడు. రెండోదాని తీగల్లో ఒకటి యాంప్లిఫయర్ ఎడంపక్క ఎర్ర టెర్మినల్‌కీ, ఇంకొకటి కుడిపక్క ఎర్ర టెర్మినల్‌కీ తగిలించాడు.

పరాంకుశానికి లోపల నవ్వొచ్చింది. ఆవిడకి తనే విడమరిచి చెప్పాడు. "ఇలా కలిపితే రెండు పక్కలా సమానంగా ఉన్నదంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుందమ్మా. తేడా ఉన్నదొక్కటే మిగులుతుంది. మోనో అయితే మిగిలేదేమీ ఉండదు. మీరే చూడండి."

ముల్లు దిగింది. గాయకుడు లేడు, గిటారు లేదు. గీతల చిటపటలు తప్ప చప్పుడే లేదు. పరాంకుశం గురువుగారి వైపు చూశాడు. ఆయన ముల్లెత్తలేదు. నిమిషం గడిచింది. నిమిషంన్నర అయింది.

ఉన్నట్టుండి ఆ చిటపటల్లోంచి ఒక ఆడపిల్ల గొంతు, ఒంటరిగా, మహా హుషారుగా, హొయ్ అంది. ఒక దెబ్బ ఆలస్యంగా మిగతా పిల్లలు అందుకున్నారు.

"నేనే," అంది మాణిక్యాంబ. "అదుగో, నేనే. ఎంత తొందరో చూడండి ముదనష్టపుదానికి."

నవ్వి నవ్వి ఆవిడకి కళ్లనీళ్లొచ్చాయి. మళ్లీ పెట్టమంది. అలా నాలుగుసార్లు పెట్టించుకుంది. మూడోసారికి పక్క కిళ్లీకొట్టతను వచ్చి బల్ల మీద తాళం వేశాడు. నాలుగోసారికి ఆవిడే గొంతు కలిపింది. ఈసారి రికార్డు కంటే కూడా ముందే హొయ్ అనేసింది. కొట్లో అందరూ విరగబడి నవ్వారు, పరాంకుశంతో సహా. అతనికి సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. రబ్బరు కోసం సొరుగంతా వెతికి, అట్ట మీద తన రాత తనే తుడిచేశాడు.

ఆవిడ ఆ హొయ్‌ని ఫోనులో ఎక్కించుకుని, ఇంట్లోవాళ్ల పని పడతానంటూ ఆటో ఎక్కింది.

గౌస్ సాహెబు స్పీకర్ తీగలు మళ్లీ మామూలుగా బిగిస్తున్నాడు. పరాంకుశం పక్కన చేరాడు.

"గురువుగారూ, నా చెవికి అందనే లేదు. మీరేమో పాట కూడా సరిగా వినకుండానే లేచారు. స్టీరియో అని ఎలా కనిపెట్టారు?"

"నేనేం కనిపెట్టాను నాయనా," అన్నాడు గౌస్ సాహెబు. "ఆవిడ చెప్పింది. విన్నాను."