చిరుత పడుకున్న గడ్డి

“లోపల వాసన తగిలిన రోజున పని ఆపేసి, నా చేత్తో నేనే తలుపు మూస్తాను. ఇది నక్క మాట.”

ఎర్రమిట్ట అడవి అంచున ఉన్ని రంగుల కొట్టం తెరిచిన నాడు, జంతువులన్నిటి ముందూ నక్క చెప్పిన మాట ఇది. నమ్మి అందరూ పనిలో చేరారు. గొర్రెల ఉన్నిని పెద్ద తొట్టిలో నానబెట్టి, నీలం పీపాల్లోంచి ఏదో ద్రావకం పోసి, రంగు కలిపేవారు. కళ్ళకు గంతలు కట్టుకుని, గానుగెద్దులా ఆ తొట్టి చుట్టూ తిరుగుతూ పుల్లెద్దు చక్రం తిప్పేది. పీపాల్లో ఏముందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే, “శ్రమే దైవం! దైవాన్ని ప్రశ్నిస్తారా?” అనేది నక్క. దోచుకునేవాడికి నినాదాల కరువు ఎప్పుడూ ఉండదు.

కొత్తగా చేరిన నల్లమేక మొదటిరోజే తుమ్మి తుమ్మి కళ్ళు ఎర్రజేసుకుంది.

“తాతా, ఈ ఘాటు నీకు తగలడంలేదా?”

“మొదట్లో అందరికీ అంతే అమ్మాయ్. పది రోజులు ఓర్చుకో, వాసనే ఉండదు. నాలుగేళ్ళ నుంచి తిప్పుతున్నా, నాకేమైనా తెలుస్తోందా చూడు!” అని ఎద్దు గర్వంగా మెడ ఎత్తింది. వెంటనే దగ్గు తెర అందుకుంది. చక్రం మూడు చుట్లు తిరిగినా అది ఆగలేదు.

“పోయింది వాసనా, నీ ముక్కా?”

“మహా చెప్పొచ్చావులే! పని చూడు.”

మేక ఊరుకోలేదు. మధ్యాహ్నం మేత దగ్గర ఎద్దునే గమనించింది. పచ్చగడ్డినీ, ముక్కిపోయిన గడ్డినీ ఎద్దు ఒకేలా నమిలింది.

“ఎలా ఉంది తాతా?”

“ఏం గడ్డో! ఈమధ్య ఏది తిన్నా మన్ను తిన్నట్టే ఉంటోంది.”

ఏడాదికోసారి సింహం పంపే తనిఖీ అధికారి ఎలుగుబంటి మరో రెండు రోజుల్లో వస్తోందని కబురు అందింది. అది ‘వాసన లేదు’ అని రాసుకుపోతే, మళ్ళీ ఏడాదిదాకా ఈ గడప ఎవరూ తొక్కరు. ఎద్దు రొమ్ములో అప్పటికే పిల్లికూతలు. ఇంకో వానాకాలం చూస్తుందన్న నమ్మకం మేకకు లేదు.

నక్క తన ఏర్పాట్లు తాను చేసుకుంది. ముందురోజే పీపాలకు మూతలు బిగించి, తడికెలన్నీ ఎత్తించి గాలాడనిచ్చింది. ఎలుగుబంటి రాగానే తేనెపట్టు చేతికిచ్చింది.

“నా మాటెందుకు దొరా? శ్రామికుడి మాటే శాసనం! మా పుల్లెద్దునే అడగండి. నేనూ అదీ ఒకే ఏడు పుట్టాం. అబద్ధమంటే ఎరగదు.”

ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు పెద్దలు.

“ఏం పుల్లెద్దూ, లోపల ఏమైనా వాసన వస్తోందా?” అడిగింది ఎలుగుబంటి.

“లేదు దొరా. ఏ వాసనా లేదు.”

ఎద్దు తనకు తెలిసిన నిజమే చెప్పింది. నిజాయితీని కూడా కూలికి పెట్టుకునే దొంగలుంటారు.

ఎలుగుబంటి కాగితం తీసి రాయబోయింది. “ఒక్క క్షణం దొరా,” అంటూ మేక మోదుగాకుల్లో గట్టిగా చుట్టిన గడ్డికట్ట ఒకటి తెచ్చింది. గంతలతో నిలబడ్డ ఎద్దు ముక్కు కింద పెట్టి, ఆకులు విప్పింది.

“తాతా, ఇదేమిటో చెప్పు.”

ఎద్దు గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది. “ఎండుగడ్డి. ఆకలేస్తోంది, పెట్టవే,” అంటూ నోరు తెరిచింది.

అప్పటికే ఎలుగుబంటి మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తేనెపట్టు జారి కిందపడింది. నక్క ఒక్క గెంతున వెళ్ళి పీపా ఎక్కింది.

“చిరుత! చిరుత ఎక్కడ?” అని అరిచింది.

“చిరుత లేదు మామా. అది పడుకుని లేచిన గడ్డి ఇది. అది వేటకు వెళ్ళినప్పుడు గుహలోంచి తెచ్చాను. నిన్నగాక మొన్న పుట్టిన దూడ కూడా ఈ వాసనకు పలుపు తెంచుకుని పారిపోతుంది. మా తాత తింటానంటోంది.”

నక్క పీపా మీదనుంచే గొంతు సర్దుకుంది. “ముసలితనం దొరా! ఆ ఈడులో ముక్కు ఇంకేం పనిచేస్తుంది?”

“ఒకే ఏడు పుట్టామంటివి కదా మామా? నీ ముక్కు బాగానే ఉందే! ఈ నాలుగేళ్ళలో తొట్టి దగ్గరికి ఎన్నిసార్లు వచ్చావు?”

ఎలుగుబంటి ‘వాసన లేదు’ అని రాయకుండానే కాగితం మడిచేసింది.

మేక గంతలు విప్పింది. ఎద్దు గడ్డికేసి చూసింది. పరకలకు చిరుత వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

“రోజూ వాగుదారిన ఒంటరిగా వస్తాను అమ్మాయ్. అది నా వెనకే నడిచినా నాకు తెలిసేది కాదన్నమాట.” తల వంచుకుని మెల్లగా అంది: “పోయినేడు కూడా వాసన లేదని నేనే చెప్పాను. నా మాట విని చేరిన గాడిద ఇప్పుడు లేవలేకుండా ఉంది.”

“తప్పు నీది కాదు తాతా. నీ ముక్కును పాడుచేసి, దాన్నే సాక్ష్యానికి పిలిచినవాడిది.”

ఎద్దు మెడ మీది కాడి దించేసింది. చక్రం ఆగింది. ఒక్కొక్కటిగా అన్నీ బయటికి నడిచాయి. నక్క బెదిరించింది, బతిమాలింది. తిప్పడానికి మరో మెడ దొరకలేదు. చివరికి తనే కాడి ఎత్తుకుని, అరచుట్టు తిరగకముందే ఉక్కిరిబిక్కిరై బయటపడింది.

పుల్లెద్దు ముక్కు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు వాగుదారిలో మేక ముందు నడుస్తుంది, ఎద్దు దాని అడుగుల చప్పుడు వింటూ వెనక నడుస్తుంది.

జంతువులన్నీ కలిసి ఎలుగుబంటి చేత సింహానికి అర్జీ పంపాయి. అందులో మొదటి వాక్యం: అలవాటైతే పోయేది బాధ తెలియడమే, విషం కాదు.

ఆ కింద రెండే ప్రశ్నలు. పీపాల్లో ఉన్నదేమిటి? చెడిపోయిన ఊపిరితిత్తులకు వైద్యం ఎవరు చేయిస్తారు?

అర్జీలో చివరి మాట: మాకు దయ అక్కర్లేదు, సమాధానం కావాలి. గడువు జ్యేష్ఠ పౌర్ణమి.