మట్టల బూడిద

విభూది బుధవారానికి ఇంక పది దినాలే ఉండగా, దేవాలయపు అటకమీద ఈత మట్టలు తరిగిపోతున్నవని జ్ఞానప్రకాశం కనిపెట్టాడు.

కిందటేడు మట్టల ఆదివారంనాడు ఊరివారు చేతబట్టి ఊరేగిన మట్టలవి. గుడి గురువు రాయప్ప స్వామి దీవించినవి. ఏడాదిపాటు ఎండి, ఈస్టరుకు ముందు వచ్చే నలభై దినాల తపస్కాలపు తొలినాటికి బూడిదై, భక్తుల నొసట సిలువ గుర్తు కావలసినవి. పన్నెండు మోపులు కట్టి అటకెక్కించినవాడు తానే. ఇప్పుడు లెక్కిస్తే తొమ్మిది.

జ్ఞానప్రకాశం ఆ గుడికి ఉపదేశి. పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేవాడు. రాయప్ప స్వామి సన్నిధిలో నాలుగేండ్లుగా శుశ్రూష చేస్తూ చదువుకుంటున్నవాడు. ఛందస్సు తెలిసినవాడు, కీర్తనలు కట్టగలవాడు. అతనికి కొరవడినదల్లా మనుషులమీద నమ్మకమే.

మొదట గంట కొట్టే అంతోనిమీద అనుమానం పుట్టింది.

"అంతోనీ, ఈమధ్య నీ పొయ్యిలోకి ఏం పెడుతున్నావు?"

"పుల్లలే, ఉపదేశిగారూ. ఇంకేం పెడతాను? మీ అనుమానాలు పెడదామంటే అవి మండవాయె, ఊరికే పొగ."

ఆ పరిహాసం వెనుక ఏదో దాగి ఉన్నదనిపించింది. అయితే నాలుగు దినాలు కాపు కాసినా అంతోని పొయ్యిలో తుమ్మపుల్లలే కనబడ్డవి.

తరువాత ఒక వింత గమనించాడు. రాయప్ప స్వామి తెల్లవారుజామున జపానికి కూర్చునే చోటు మార్చారు. ఇరవయ్యేండ్లుగా గుమ్మంవద్ద కూర్చునే వృద్ధుడు, ఇప్పుడు బలిపీఠం వెనుక, గోడకు వీపు ఆనించి కూర్చుంటున్నారు. కారణం అడిగితే, "ఇక్కడ బాగుంది" అన్నారు. గురువును శంకించడం పాపమని తెలుసు. అయినా మనసు ఒక్క క్షణం అటువైపు కూడా తొంగిచూసి వచ్చింది.

సోమవారం సాయంకాలం, అటక ఉన్న గది నేలమీద పలుచగా ముగ్గుపిండి చల్లి తలుపు వేశాడు. మంగళవారం వేకువనే వచ్చి చూస్తే, కిటికీనుండి నిచ్చెనదాకా అడుగులు పడి ఉన్నవి. ఒక్కొక్క అడుగు అతని అరచేయంత.

పిల్ల అడుగులు. తన తరగతిలో అలిగి ఉండదగినది ఒక్కతేనని ఇట్టే తేల్చుకున్నాడు. తెరేజి.

డప్పు ఇన్నాసి మనుమరాలు. పదేండ్ల పిల్ల. ఈస్టరునాడు తొలిసత్ప్రసాదం పుచ్చుకొనే పిల్లలు ఆనాడు తమకు వచ్చిన విద్య ఏదో ఒకటి దేవునికి సమర్పించడం ఆ గుడి ఆనవాయితీ. అందుకై జాబితా రాస్తూ నెల క్రితం ఒక్కొక్కరినే అడిగాడు. ఒకడు పాట పాడతానన్నాడు. ఒకతె పూలమాల గుచ్చుతానంది. తెరేజి లేచి, "డప్పండి" అన్నది. పిల్లలు పక్కున నవ్వారు.

"అది చావు ముందు మోగేది. గుడి గడప దాటరాదు. ఇంకేదైనా వస్తే చెప్పు."

"ఇంకేమీ రాదండి."

ఆమె పేరు ఎదుట చోటు ఖాళీగానే ఉండిపోయింది. అడుగులు చూసిన తరువాత జ్ఞానప్రకాశం జాబితా తెరచి, ఆ పేరుమీద అడ్డంగా గీత గీశాడు.

పట్టుకోవడానికి దూరం పోనక్కరలేకపోయింది. గుడి వెనుక, బలిపీఠపు గోడ మొదట, మంచులో చిన్న మంట కనబడింది. ఆ పిల్ల మోకాళ్ళమీద కూర్చుని, తనకంటె వెడల్పయిన డప్పును మంటకు ఎదురుగా నిలబెట్టి, చెవి వంచి, వేలితో మెల్లగా కొట్టి చూసుకుంటున్నది. పక్కన రెండు ఈత మట్టలు.

అతడు మంటను కాలితో తొక్కి, డప్పు అంచు పట్టుకున్నాడు.

"ఈ బూడిద ఎవరికి అమ్ముతున్నారు? మీ తాత తాయెత్తుల్లో పోసి కడుతున్నాడా?"

"మా తాతకి చెయ్యి పడిపోయిందిగదండి. ముద్ద కూడా నేనే పెడతన్నా."

"మరి మట్టలెందుకు తీశావు?"

పిల్ల ఆ రెండు మట్టలమీద చేయి అడ్డం పెట్టింది. అదే సాక్ష్యమనుకున్నాడు.

అంతలో జపమాల చేతబట్టుకుని రాయప్ప స్వామి గోడ చుట్టి వచ్చారు. వచ్చి, అక్కడి రాతిమీద కూర్చున్నారు.

"స్వామీ, దీవించిన మట్టలు దొంగిలించింది. జాబితాలో పేరు కొట్టివేశాను. తమరు సెలవిస్తే తరగతినుండి కూడా పంపివేస్తాను."

స్వామి పిల్లవైపు తిరిగారు.

"డప్పు కాగిందా తల్లీ?"

"లేదు సామీ. ఉపదేశిగారు మంట తొక్కేశారు."

"రేపటినుంచి నలభై దినాలు గుడిలో వాద్యాలుండవు. ఇవాళ ఇంకా మంగళవారమే." స్వామి ఒక మట్ట తీసి శిష్యుని చేతికిచ్చారు. "అంటించు ప్రకాశం. డప్పు నీవు పట్టుకో. దాని చేతులు చిన్నవి."

తాను విన్నది నిజమేనా అని జ్ఞానప్రకాశానికి సందేహం కలిగింది. అయినా గురువాజ్ఞ. మట్ట అంటించి, డప్పును మంటకు చూపాడు. సెగ చేతికి తగలగానే వెనుకకు తీశాడు.

"కాగలేదండి."

మళ్ళీ చూపాడు. మళ్ళీ తీశాడు.

"ఇంకా కాగలేదండి. వేలితో కొట్టి వినకుండానే తీసేస్తన్నారు మీరు."

స్వామి జపమాల పూసలు చూసుకుంటున్నారు. జ్ఞానప్రకాశం చెవులు ఎర్రబడ్డవి. ఈసారి వేలితో కొట్టాడు. చప్పుడు తడిగా, మందంగా వచ్చింది. తిప్పి, ఆగి, మళ్ళీ కొట్టాడు. మంట సగమయ్యేసరికి తోలు బిగిసి, ఖంగుమని పలికింది. తాను కట్టిన ఏ కీర్తనలోనూ అంత నిక్కచ్చి అయిన శ్రుతి అతడు విని ఎరుగడు.

"ఇప్పుడు కాగింది" అన్నది పిల్ల.

"ఈ మట్టలతోనే ఎందుకమ్మా? గడ్డి దొరకదా?" అని స్వామి అడిగారు.

"దేవుడికి వాయించేదిగా సామీ. దేవుడి ఆకులతో కాస్తే ఆయనకు తెలుస్తదనుకున్నా."

"ఇక్కడే ఎందుకు?"

"లోపలికి రావొద్దన్నారు. పీఠం ఈ గోడకు అవతలేగా. దగ్గిర."

ఆమె డప్పు పుల్లలు వాడలేదు. వేళ్ళ కొసలతోనే వాయించింది, నిద్రపోయే మనిషిని లేపకుండా తలుపు తట్టినట్టు. స్వామి గోడకు వీపు ఆనించి కన్నులు మూసుకున్నారు. ఆయన కూర్చున్న తీరు చూసి జ్ఞానప్రకాశం తల వంచుకున్నాడు. పది దినాలుగా గోడకు అవతలవైపు ఆయన కూర్చుంటున్న తీరు అదే.

వాయింపు ఆగింది.

"ఇన్నాళ్ళ బూడిద ఏదమ్మా?"

అణగబోయిన అనుమానం శిష్యునిలో మళ్ళీ తలెత్తింది. ఇప్పుడు తేలుతుందనుకున్నాడు. పిల్ల గోడ పక్కని గన్నేరు చెట్టు మొదటికి పోయి, మూతికి గుడ్డ కట్టిన కుండ ఒకటి ఎత్తుకొచ్చింది.

"దీవించినదాన్ని తొక్కగూడదు, పారబొయ్యగూడదని ఉపదేశిగారే చెప్పారు, శనివారం పాఠంలో. అమ్మ పాతకోకలో మూడుసార్లు జల్లించి పెట్టా."

స్వామి గుడ్డ విప్పి, చిటికెడు తీసి వేళ్ళమధ్య నలిపారు. అది విరజాజి పుప్పొడివలె మెత్తగా ఉన్నది. ఆయన కుండను శిష్యుని చేతుల్లో పెట్టారు.

"రేపటికిది చాలు."

"మిగిలిన మోపులు, స్వామీ?"

"డప్పుకు."

"ఈస్టరుకి మంచుండదుగా సామీ, తోలు మెత్తబడదు. ఒక్క మట్ట చాలు" అన్నది తెరేజి.

జ్ఞానప్రకాశం కుండ పట్టుకుని నిలబడ్డాడు. కాలికింద తాను తొక్కిన మంట ఇంకా పొగలు వెళ్ళగక్కుతున్నది. చివరికి ఉండబట్టలేక అన్నాడు:

"అది చావు ముందు మోగే తోలు, స్వామీ."

"రేపు మనం నొసట పెట్టుకొనేది మరి దేనికి గుర్తు, ప్రకాశం?"

అని స్వామి లేచి, తొలి పూజకు వేళ అయిందంటూ లోపలికి పోయారు.

మరునాడు గుడి నిండింది. రాయప్ప స్వామి 'మట్టివి, తిరిగి మట్టివే అవుతావు' అంటూ ఒక్కొక్కరి నొసట బూడిదతో సిలువ గీస్తూ వచ్చారు. జ్ఞానప్రకాశం పక్కన కుండ పట్టుకుని నడిచాడు. అందరికంటె ముందు అతని నొసటనే పెట్టారు. కడపటి వరుస దాటాక స్వామి ఆగి, గడపవైపు చూసి, అలసినవారివలె చేయి దించారు.

"ఆ ఒక్కతెకు నీవు పెట్టిరా."

గడపకు అవతల తెరేజి నిలబడి ఉన్నది. చేతిలో డప్పు లేదు. అయినా లోపలికి రాలేదు.

"రా అమ్మా" అన్నాడు జ్ఞానప్రకాశం.

"రావచ్చాండి?"

ఆమె గడప దాటి నిలిచి, ముఖం పైకెత్తి కళ్ళు మూసుకుంది. అతడు బొటనవేలు కుండలో ముంచి, ఆమె నొసట నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీశాడు.

పూజ ముగిసి అందరూ వెళ్ళిపోయాక, అతడు గదిలోకి పోయి జాబితా తెరిచాడు. పాట, పూలమాల, పఠనం, పాట అని తన గుండ్రని దస్తూరి వరుసగా కనబడింది. అట్టడుగున కొట్టివేసిన పేరు, దాని ఎదుట డప్పు అని ఉండవలసిన ఖాళీ చోటు.

కలం కోసం చూడలేదు. ఇంకా బూడిద అంటి ఉన్న బొటనవేలిని ఆ ఖాళీలో ఆనించి, గట్టిగా ఒత్తాడు.