సుంకరి ఇటుకపొడి

కోటవాకిలి దాటి సంతకు పోవాలంటే సుంకరి భుజంగరావు చేతిలో వెండినాణెం పడాల్సిందే. నాణెం నల్లబడి ఉంటే "చెల్లదు, తోమి తే" అంటూ ఇటుకపొడి చూపించేవాడు. పాపం, జనం మెరిసేదాకా తోమి తెస్తే తూచి, "బరువు తగ్గింది, దొంగనాణెం" అని లాక్కునేవాడు. గాజులమ్ముకునే గవరమ్మ నాణెం కిందటి సంతలో అలాగే పోయింది. ఆ రోజు ఆమె ఇంట పొయ్యి వెలగలేదు.

ఈ సంతకు గవరమ్మ మరో నల్లనాణెం తెచ్చింది.

"తోమి తే!" అన్నాడు భుజంగరావు.

"ముందు తూచండి బాబూ."

వెనక జనం మూగారు. తప్పక తూచాడు. బరువు సరిపోయింది.

"ఇక మీరే తోమండి" అంది గవరమ్మ.

"నేనా? నీకెంత పొగరే!"

"రాజుగారి బొమ్మ అరగదీస్తే కొరడాదెబ్బలని చాటింపు ఉంది గదా. ఆ నేరం నాచేత ఎందుకు చేయిస్తారు?"

భుజంగరావు చెయ్యి ఇటుకపొడి దాకా వెళ్లి ఆగిపోయింది.

గవరమ్మ తన ముంతలోని కుంకుడు నీళ్లలో నాణేన్ని కాసేపు నాననిచ్చి, మంచినీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్దింది. మురికి వదిలి రాజుగారి ముఖం చక్కగా తేలింది. మళ్లీ తూయించింది. బరువు తగ్గలేదు.

"మీరు తోమించి లాక్కున్నవి కూడా తీయండి. వాటి మీద బొమ్మలు ఎవరు అరగదీయించారో రాజుగారినే అడుగుదాం."

భుజంగరావు ఆమె పాత నాణెం తెచ్చిచ్చాడు. గవరమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది గానీ త్రాసు ముందు నుంచి కదల్లేదు.

"వీళ్లందరివీ?" అంది.