పేరిందేవమ్మ ఆవకాయ, కొత్తల్లుడి ముద్ద

అనగనగా ఒక ఊళ్ళో ఒక ఆవకాయ ఉండేది. ఏంటే ఆ నవ్వు? కథలో రాజుగారు ఉండొచ్చు, రాక్షసుడు ఉండొచ్చు గానీ ఆవకాయ ఉండకూడదా? ఆ ఊరి పేరు చింతలమెరక. ఆ ఆవకాయ పెట్టే ఆవిడ పేరు పేరిందేవమ్మ. ఇటు తిరిగి పడుకో, చెప్తాను.

పేరిందేవమ్మ ఆవకాయంటే ఆషామాషీ కాదు తల్లీ. జాడీకి కట్టిన గుడ్డ విప్పిందంటే వీధి చివరి వాళ్ళకి కూడా నోట్లో నీళ్ళూరేవి. పెళ్ళిళ్ళకి ఆవిడ ఆవకాయే, ప్రయాణాలకి ఆవిడ ఆవకాయే. ఆవిడ మొగుడు భీమన్నయితే, ఆవకాయ లేని అన్నం అన్నమే కాదనేవాడు.

వాళ్ళకి ఒక్కత్తే కూతురు, కనకం. కనకానికి పెళ్ళి చేశారు. అల్లుడి పేరు గవర్రాజు. మంచివాడు, నెమ్మదస్తుడు. అన్నీ బావున్నాయి గానీ అతనికి ఆవకాయ పడదు. ఒంటికి పడకపోవడం కాదే, నోటికే పడదు. ఆ ఆవఘాటు ముక్కుకి తగిలితే చాలు, మొహం అదోలా పెట్టేసేవాడు. ఆవకాయ ఇష్టం లేనివాడు కూడా ఉంటాడా అంటావా? ఉంటాడే పిచ్చిదానా. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని ఊరికే అన్నారా?

పెళ్ళయిన మొదటి వేసవికి అత్తారు రమ్మంటే గవర్రాజు కనకాన్ని తీసుకుని వచ్చాడు. సరిగ్గా ఆవకాయల రోజులు. అతను వచ్చిన పొద్దునే ఇంట్లో కొత్తావకాయ కలిపి జాడీలకెత్తారు.

అప్పుడు అల్లుణ్ణి భోజనానికి కూర్చోబెట్టారు. ముద్దపప్పు, కమ్మటి నెయ్యి, ఆ పక్కన పోయినేడాది ఆవకాయ ముక్క, ఇంత ఎర్రగా. "వద్దండీ" అన్నాడు గవర్రాజు. కొత్తల్లుడు వద్దంటే నిజంగా వద్దని ఎవరనుకుంటారు? పాపం మొహమాటపడుతున్నాడనుకుని అత్తగారు ఇంకో ముక్క వేసింది. అతను ఆ రెండు ముక్కల్నీ కరివేపాకు కింద దాచేసి, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా లేచిపోయాడు.

ఆ తర్వాత రెండో రోజు పొద్దున్నే చద్దన్నం పెట్టారు. దాంట్లోకీ ఆవకాయే. ఈసారి గవర్రాజు కాస్త గట్టిగానే, "నిజంగా వద్దండీ, నాకు అలవాటు లేదు" అన్నాడు. "అలవాటు మేం చేస్తాం కదయ్యా" అని నవ్వుతూ మామగారు భీమన్న స్వయంగా అన్నంలో ఊట పోశాడు. వద్దన్నకొద్దీ వేస్తారే ఆ ఊళ్ళో. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో గవర్రాజుకి కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు కారాయి. అది చూసి, అల్లుడికి మన ఆవకాయ ఎంత నచ్చిందోనని భీమన్న మురిసిపోయాడు.

ఇంక అసలు గండం మూడో రోజుది. బాగా విను.

కొత్తావకాయ కలిపిన మూడోనాడు దాన్ని బేసిన్లోకి తీసి తిరగగలుపుతారు చూడు, మనమూ చేస్తాంగా. మళ్ళీ జాడీకెత్తేశాక, బేసిన్లో అంటుకున్న పిండిలో వేడన్నం, నెయ్యి వేసి కలిపి ముద్దలు చేస్తారు. చింతలమెరకలో అయితే, ఇంట్లో కొత్తల్లుడుంటే మొదటి ముద్ద అతనిదే. పదిమందీ చూస్తుండగా తిని, బావుందనాలి. అన్నాడా, ఆ ఏడు ఆ ఇంటి ఆవకాయ ఊరంతా పుచ్చుకుంటుంది. అనలేదా, ఒక్కరంటే ఒక్కరు ముట్టరు. అంటే పేరిందేవమ్మకి ఇన్నేళ్ళుగా ఉన్న పేరంతా ఆ ముద్ద మీదే ఉందన్నమాట.

ఆ పొద్దున కనకం మొగుణ్ణి పక్కకి పిలిచింది. "ఏవండీ, మీకు పడదని నాకు తెలుసు. కానీ నలుగుర్లో తలవంపులైతే అమ్మ తట్టుకోలేదు. కళ్ళు మూసుకుని ఒక్క ముద్ద మింగెయ్యండి" అంది.

"ఒక్క ముద్దతో పోతుందా కనకం? ఇవాళ బావుందంటే జన్మంతా పెడతారు" అన్నాడు గవర్రాజు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. పాపం ఏం చేస్తాడు?

అప్పుడు వాకిలంతా జనంతో నిండిపోయింది. భీమన్న అక్క బుల్లెమ్మ అందరికంటే ముందొచ్చి పీట వేసుకు కూచుంది. ఆవిడ నోటికి ఊరంతా హడలు. పేరిందేవమ్మ వేడివేడి ముద్ద చేసి అల్లుడి చేతిలో పెట్టింది. గవర్రాజు ముద్ద ఎత్తాడు. నోటిదాకా తీసుకెళ్ళాడు. అత్తగారి మొహం చూశాడు. మెల్లిగా ముద్ద దించేశాడు.

"అత్తయ్యగారూ, నన్ను క్షమించండి. నాకు ఆవకాయ ఇష్టం లేదు. మీదని కాదు, ఎవరిదైనా అంతే. తినలేనిదాన్ని పట్టుకుని బావుందని అబద్ధం చెబితే, అది మీకు మర్యాద కాదు" అన్నాడు.

అమ్మో! భీమన్న మొహం మాడిపోయింది. కనకం తలొంచుకుంది. ఇదిగో, ఇక్కడ చెయ్యి పెట్టి చూడు, చెబుతుంటేనే నా గుండె ఎలా కొట్టుకుంటోందో.

అప్పుడు బుల్లెమ్మ నోరు విప్పింది. "అల్లుడు తినకపోతే కలిపిన మనిషే తిని చెప్పాలి. అదీ ఆచారమే. నీ ఆవకాయ నువ్వు తినడానికేం పేరిందేవీ, కానియ్యి" అంది.

పేరిందేవమ్మ ఆ ముద్ద పుచ్చుకుంది. దానివంక చూసింది. అల్లుడి వంక చూసింది. ఇన్నేళ్ళుగా అణుచుకున్న మాట ఆవిడ నోట్లోంచి ఊడిపడింది.

"నాకూ ఇష్టం లేదు వదినా."

అవునే! ఊరంతా లొట్టలేసే ఆవకాయ పెట్టే మనిషికి ఆవకాయ ఇష్టం లేదు. ఒక్క ముక్క కూడా నోట పెట్టి ఎరగదు. పెట్టేటప్పుడు ఎంగిలి చెయ్యకూడదంటారుగా, ఆవిడకి అదే కలిసొచ్చింది. ఊట చూసి ఉప్పు, వాసన చూసి కారం తెలుసుకునేది. మరి ఇంట్లోవాళ్ళకి తెలీలేదా అంటావు. ఎలా తెలుస్తుందే? అందరూ తిని లేచాక ఆవిడ వంటింట్లో ఒక్కత్తే కూచుని తినేది. ఆవిడ కంచంలో ఏముందో ఏనాడూ ఎవరూ తొంగి చూడలేదు.

"మరి ఇన్నేళ్ళూ ఏం తిన్నావే?" అన్నాడు భీమన్న.

"మజ్జిగన్నం, బెల్లం ముక్క."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెప్పానండీ, కాపరానికొచ్చిన కొత్తలో. సిగ్గుపడుతున్నానన్నారు."

బుల్లెమ్మకి ఏం తోచిందో ఏమో, చటుక్కున లేచి ఆ ముద్ద లాక్కుని తనే తినేసింది. తిని, "ఇష్టం లేకుండానే ఇలా పెట్టావు, ఇష్టం కూడా ఉంటే మా గతేమయ్యేదే" అంది. దాంతో వాకిలంతా నవ్వులు. ఆ తర్వాత ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ముద్దలన్నీ ఊడ్చేశారు. ఆవకాయ ఎప్పటిలాగే ఊరంతా వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం భీమన్న రెండు పీటలు వేశాడు. ఒకదాని మీద అల్లుణ్ణీ, ఇంకోదాని మీద పెళ్ళాన్నీ కూచోబెట్టాడు. అత్తా అల్లుళ్ళు ఎదురెదురుగా మజ్జిగన్నం, బెల్లం తింటుంటే తను వంగి వడ్డించాడు. "నీకింకేం కావాలి?" అని పేరిందేవమ్మని అడిగాడు. ఆ ఇంట్లో ఆవిణ్ణి ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆవిడ చిన్నపిల్లలా నవ్వి, "మీగడ" అంది. భీమన్న గిన్నెడు మీగడా తెచ్చి ఆవిడ కంచంలో వేశాడు.

కథ కంచికి, మీగడ కంచానికి, ఇంట్లోనే ఉన్నాం గనక మనం మంచానికి.