ఎంగిలి పడ్డ బాతు

ఫాల్గుణం రాగానే కొల్లేటి నీళ్ళు వెచ్చబడతాయి. నీళ్ళు వెచ్చబడ్డాయంటే, ఉత్తరాన మంచుకొండల అవతల నుంచి వచ్చిన సూదితోక బాతులకు ఇక కాలు నిలవదు. మేస్తూ మేస్తూ తలెత్తి గాలి ఎటు వీస్తోందో చూస్తాయి. ఊరికే లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ వాలతాయి. వాలాక కూడా రెక్కలు ముడవబుద్ధి కాదు.

ఆ గుంపులో దోనయ్య అనే మగబాతుకు ఆ ఏడు అందరికన్నా ఎక్కువ కంగారు పట్టుకుంది. సూదితోక బాతన్నది నీళ్ళ మీంచి ఒక్క ఊపులో లేవాలి. దోనయ్య లేవలేకపోతున్నాడు. రెక్కలు టపటపలాడించి, పాతిక బారలు నీళ్ళ మీద పరిగెత్తి, రొమ్ము కాస్త పైకి తేలిందనుకునేలోపే చతికిలబడుతున్నాడు. దక్షిణపు గాలి తిరగ్గానే గుంపు వెళ్ళిపోతుంది. ఆ వెనకే, వాడుంటున్న చేపల చెరువు రైతు తూము తీసి, చేపలు పట్టుకుని, చెరువు ఎండగడతాడు. ఎగరలేని బాతు అప్పుడు బురదలో నడవాలి. గట్టు మీద నక్క ఉంది.

దోనయ్య ఆ ఏడు మకాం పెట్టింది కొల్లేటి పక్కనున్న ఆ చెరువులోనే. రైతు తవుడూ వేరుశనగ చెక్కా కలిపి, చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి, నీళ్ళలో పాతిన వెదురు గడలకు కడతాడు. చేపలు ఆ చిల్లుల్లోంచి తింటాయి. మిగతా బాతులు ఎప్పటిలాగే గడ్డి గింజల కోసం, తుంగ దుంపల కోసం కొల్లేరంతా తిరుగుతుంటే, దోనయ్య సంచి పక్కన తేలుతూ ఉండేవాడు. మెడ చాస్తే చాలు, నోట్లోకి వచ్చేది.

గట్టు మీది నక్క పేరు జంబయ్య. రోజూ పొద్దున్నే వచ్చి కూర్చుని, వరస కలిపి కుశలం అడిగేవాడు. దోనయ్య కూడా పది బారల నీళ్ళు మధ్యలో ఉంచుకునే జవాబు చెప్పేవాడు. అంత తెలివి ఉంది. ఒకరోజు తన దిగులంతా చెప్పుకుని, తిండి తగ్గిస్తే బాగుంటుందేమో అన్నాడు. జంబయ్య నవ్వలేదు. నాడి చూసే వైద్యుడిలా తల వంచి, ముందు నుంచీ వెనక నుంచీ పరకాయించి చూశాడు.

"ఇది తిండి ఒళ్ళు కాదల్లుడూ, పుట్టుకతో వచ్చిన వాటం. మీ ముత్తవ్వ కాలంలో పెంపుడు బాతులతో సంబంధం కలిసుంటుంది. ఆ నెత్తురు నీకొచ్చింది. నీకు గాలి పీల్చినా ఒళ్ళొస్తుంది. దానికి నువ్వేం చేస్తావు?"

ఆ మాట దోనయ్యకు ఎండలో మంచినీళ్ళు తాగినట్టుగా ఉంది. తప్పు తనది కాదు. ముత్తవ్వది. ఆ పూట ఇంకో సంచి దగ్గరికి కూడా వెళ్ళాడు.

అక్క తుంగమ్మ ఊరుకోలేదు. ఇద్దరూ ఒకే గూట్లో పొదిగిన గుడ్లు. తనకు లేని ముత్తవ్వ వీడికి ఎక్కడ నుంచి వచ్చిందని అడిగింది. అక్కకు నాన్న పోలికట, తనకు ముత్తవ్వ పోలికట, జంబయ్య మామ చెప్పాడన్నాడు దోనయ్య.

"నక్కకు మన ముత్తవ్వ ఎలా తెలుసురా?"

"వాళ్ళ ముత్తాత చూసుంటాడు."

"చూసి, ఊరికే వదిలేశాడా?"

దోనయ్య మొహం తిప్పుకున్నాడు. తుంగమ్మ గొంతు తగ్గించింది. "నీది కొంచెం లావు వాటమే. నేను కాదనను. పిల్లప్పుడు ఒకే పురుగులు తిన్నాం, నాకన్నా నీకే త్వరగా ఒళ్ళొచ్చేది. కానీ పోయిన ఏడు ఇదే కొల్లేటి నీళ్ళ మీంచి లేచి మంచుకొండలు దాటావు కదా. మరి పోయిన ఏడు ఈ ముత్తవ్వ ఎక్కడికెళ్ళింది?"

 దోనయ్యకు పౌరుషం వచ్చింది. రెండు రోజులు కడుపు మాడ్చుకుని చూపిస్తానన్నాడు. అప్పటికీ లేవలేకపోతే అది ముమ్మాటికీ వాటమేనని ఒప్పుకోవాలన్నాడు.

ఆ రెండు రోజులూ ఒక్కచోట ఉండలేకపోయాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, ఆ గట్టు నుంచి ఈ గట్టుకు ఈదాడు. ఏ ఆకు కదిలినా దక్షిణపు గాలి తిరిగిందేమోనని ఉలిక్కిపడ్డాడు. రెండో రోజు మధ్యాహ్నం అందరినీ పిలిచి, పరిగెత్తి, ఎప్పటిలాగే చతికిలబడ్డాడు. లేచి గర్వంగా చూశాడు. రెండు రోజులుగా పచ్చి గింజ ముట్టలేదు, చూసుకోండి అన్నాడు.

చెరువు మూల మెడదాకా మునిగి నెమరేస్తున్న ముసలి గేదె అప్పాయమ్మ, సంచుల దగ్గర నిన్ను చూశానే అంది నెమ్మదిగా.

"అది తిండి కాదు పెద్దమ్మా. ఏదో కాస్త ఎంగిలి పడ్డానంతే."

నిజమే, వాడు అబద్ధం ఆడలేదు. పొద్దున రైతు పడవ వేసుకొచ్చి సంచులు నింపాడు కాబట్టి ఎంగిలి పడ్డాడు. ఎండెక్కాక నీరసం రాకుండా ఎంగిలి పడ్డాడు. మధ్యాహ్నం చేపలన్నీ తింటుంటే తానొక్కడూ చూస్తూ ఉండటం మర్యాద కాదని ఎంగిలి పడ్డాడు. సాయంత్రం ఉపవాసం బాగా జరుగుతోందన్న సంతోషంతో ఎంగిలి పడ్డాడు. వీటిలో ఏదీ భోజనం కాదు. ఆ లెక్కన ఆ ఏడు దోనయ్య ఒక్క పూట కూడా భోజనం చేయలేదు.

అప్పాయమ్మ నెమరు ఆపింది. "నాకు నాలుగు పొట్టలు నాయనా. వాటిలో ఒక్కదానికీ ఎంగిలి పడటం అంటే ఏమిటో తెలియదు. లోపలికి వచ్చిందంతా మేతే అనుకుంటాయి."

బాతులన్నీ నవ్వాయి. తుంగమ్మ నవ్వలేదు. నవ్వి ఉంటే దోనయ్య పోట్లాడేవాడు. ఆమె ఊరికే తమ్ముడి వైపు చూసింది. అది వాడికి గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున జంబయ్య రాగానే, ఇక సంచుల వైపు పోనని, గుంపులాగే తిరిగి మేస్తానని చెప్పాడు దోనయ్య. అలా చెప్పాడే కానీ, మామ గట్టిగా వద్దంటే మానేద్దామనే ఆశ లోపల కాస్త ఉంది.

నక్క చెవులు నిక్కాయి. కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"వద్దల్లుడూ, నా మాట విను. సంచి మానేశావంటే చిక్కి సగమైపోతావు."

దోనయ్య కాళ్ళు నీళ్ళలో ఆగిపోయాయి.

"నేను చిక్కుతానా మామా? గాలి పీల్చినా ఒళ్ళొచ్చేవాణ్ణి కదా. తిండి మానితే ఎలా చిక్కుతాను?"

జంబయ్య నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి చొంగ మాత్రం కారింది. దోనయ్య ఆ చొంగ చూశాడు, వెనక్కి తిరిగాడు.

ఆ తర్వాతి రోజులు సుఖంగా గడిచాయని చెబితే అబద్ధం. గుంపుతో కొల్లేట్లోకి ఎగరలేక, చెరువులోనే ఈ మూల నుంచి ఆ మూలకు ఈదుకుంటూ తిరిగేవాడు. తుంగ దుంపల కోసం తలకిందులై బురద కెలికేవాడు. సంచుల వాసన గాలిలో తేలి వస్తే ముక్కు మూసుకోవడానికి చేతులు లేవు. అక్క తనకన్నా ఎక్కువ తిని కూడా సన్నగానే ఉండటం చూస్తే ఒళ్ళు మండేది. ఇదెక్కడి న్యాయమని అడిగాడు. న్యాయం కాదురా, కానీ నీ రెక్కల బరువు నువ్వే లేపాలి అంది తుంగమ్మ.

సంచులు మానిన పన్నెండో రోజున గాలి తిరిగింది. గుంపులో సగం ఆకాశంలోకి లేచి, బారులు తీరి, ఉత్తరానికి సాగిపోయాయి. దోనయ్య మోకాలెత్తు లేచి పడ్డాడు. తుంగమ్మ తన వరస వదులుకుని, వెనక గుంపుతో వస్తానని ఆగిపోయింది. ఆ పూట ఇద్దరూ మేశారు, ఈదారు, మళ్ళీ రెక్కలాడించారు.

పదిహేడో రోజు పొద్దున రైతు తూము తీశాడు. మధ్యాహ్నానికి చెరువు అంచులు బురదగా తేలాయి. వెనక గుంపు లేవడం మొదలుపెట్టింది. నీళ్ళు మధ్యలో ఒక చిన్న మడుగంత మిగిలాయి. అందులో దోనయ్య, పక్కనే తుంగమ్మ. జంబయ్య ఇక వరసలు కలపలేదు. పొట్ట నేలకు ఆనించి బురదలోకి దిగాడు.

తుంగమ్మ లేచింది. దోనయ్యకు పరిగెత్తడానికి పాతిక బారల నీళ్ళు లేవు. ఐదు బారలున్నాయి, ఆ చివర నక్క ఉంది. వాడు నక్క వైపే పరిగెత్తాడు. జంబయ్యకు ఆనందం ఆగలేదు. ఎదురొస్తున్న మాంసం మీదికి ఉన్న బలమంతా పెట్టి దూకాడు. దోనయ్య రొమ్ము నక్క చెవులకు తగిలీ తగలనట్టుగా పైకి లేచింది.

జంబయ్య పళ్ళ మధ్య ఒక పొడవాటి తోక ఈక మిగిలింది. నాలుగు కాళ్ళూ బురదలో పొట్టదాకా దిగబడ్డాయి. తూము దగ్గర రైతు కుక్కలు అప్పుడే తలెత్తాయి. పైన బాతుల బారులో అందరికన్నా వెనక, అందరికన్నా లావుగా, రొప్పుతూ దోనయ్య ఎగురుతున్నాడు.

ఒళ్ళు ఎంత త్వరగా రావాలో పుట్టుక చెప్పవచ్చు. ఎంతదాకా రావాలో మన నోరూ మన కాళ్ళూ చెబుతాయి.