పొగమంచులో ఇద్దరు మిల్డ్రితలు

అనగనగా ఒక రాజు. ఆయన రాజ్యం పేరు ఫ్రిసియా. రోజుకు రెండుసార్లు సముద్రం వచ్చి ఆ రాజ్యాన్ని మింగి, మళ్ళీ కక్కి పోయేది. అందుకని జనం మట్టీ పేడా పోసి దిబ్బలు లేపి, వాటి మీద ఇళ్ళు కట్టుకునేవారు. రాజుగారిదీ దిబ్బే. కాకపోతే పేడ కాస్త ఎక్కువ.

ఆ రాజుకి ముగ్గురు కొడుకులు: ఎప్పో, తమ్మో, హయో. సముద్రానికి అవతలి ఒడ్డున ఆంగ్లుల రాజ్యం. రెండు ఒడ్డుల భాషలూ అక్కచెల్లెళ్ళే. దుబాసీ లేకుండానే ఉన్నిబట్టలు అమ్ముకునేవారు, పోట్లాడుకునేవారు, వియ్యమందుకునేవారు.

అక్కడి రాకుమారి మిల్డ్రితని హయోకిచ్చి చేద్దామనుకున్నారు. తీరా పడవలో వస్తున్న పెళ్ళికూతుర్ని నడిసముద్రంలో పొగమంచు మాంత్రికుడు ఎత్తుకుపోయాడు.

పెద్దన్న వెతకబోయాడు, రాలేదు. చిన్నన్న వెతకబోయాడు, రాలేదు.

"మా ఇంటి తెలివంతా అన్నలే పంచేసుకున్నారు. నాకు మిగిలింది ఈ తెడ్డు," అనుకుంటూ హయో పడవెక్కాడు.

ఏడు ఇసుకమేటలు దాటాడు. ఏడో మేట దగ్గర నీళ్ళలోంచి సీల్ అనే సముద్రజంతువు ఒకటి మీసాల మొహం పైకెత్తింది.

"బాబూ, పొగమంచు నిన్ను మూడుసార్లు పిలుస్తుంది. పలికావో, కొయ్యగుంజవైపోతావు. మాంత్రికుడి ప్రాణం ఒక బూడిదరంగు బాతులో ఉంది. ఆ బాతుకి మీ పిల్ల రూపమిచ్చి, పిల్ల పక్కనే నిలబెడతాడు. బాతు మెడ మెలిపెడితే వాడు చస్తాడు. పొరబడ్డావో, పెళ్ళికూతురే పోతుంది."

"పలక్కుండా ఉండడమా? నా నోరు ఊరుకోదే!"

"అయితే తెడ్డు కరుచుకో," అని మునిగిపోయింది సీల్.

పట్టపగలే తెల్లటి చీకటి కమ్మింది. "హయో, రారా!" తండ్రి గొంతు. పలకలేదు. "తమ్ముడూ, చలేస్తోందిరా!" ఎప్పో గొంతు. పలకలేదు. మూడోది, ఎప్పుడో చచ్చిపోయిన తల్లి గొంతు: "తిన్నావా, నాన్నా?" నేనైతే అక్కడే గుంజనైపోదును. హయో తెడ్డు కొరికాడు. కళ్ళ నీళ్ళు కారాయి గాని మాట రానివ్వలేదు.

పడవ ఇసుకలో దిగబడింది. ఎటు చూసినా గుంజలు. ప్రతి గుంజకీ నోరు తెరిచిన మొహం. అందులో రెండు అన్నలవి. వాటి మధ్య ఇద్దరు మిల్డ్రితలు. ఒకే జడ, ఒకే వణుకు. మాంత్రికుడు కనబడలేదు, నవ్వు మాత్రం వినబడింది.

"నేనే నీ మిల్డ్రితని!"

"దాని మాట నమ్మకు, నేనే!"

హయో ఇద్దర్నీ ఓదార్చబోతూ, "ఏడవకండి. ఇంటికెళ్ళాక మిల్డ్రితకి ఒక తూన్ ఇస్తాను," అన్నాడు. ఫ్రిసియాలో తూన్ అంటే పెరటితోట.

"ఎంత మంచివాడివి! అందులో ఉల్లిమళ్ళు వేసుకుందాం," అంది మొదటిది.

రెండోది కళ్ళు పెద్దవి చేసింది. "ఊరా? ఊరు ఊరంతా నాకే? ఆ ఊళ్ళోవాళ్ళు ఒప్పుకోవద్దూ?"

అవతలి ఒడ్డున తూన్ అంటే ఊరు మరి!

"నా మాట నీకింత చక్కగా అర్థమైందంటే, మావాళ్ళ నోళ్ళు ఎన్ని మింగి మా భాష నేర్చావో!" అంటూ హయో మొదటిదాని మెడ పట్టి మెలిపెట్టాడు. చేతిలో బూడిదరంగు ఈకలు మిగిలాయి. నవ్వు ఆగిపోయింది. పొగమంచు పాలు విరిగినట్టు విరిగిపోయింది.

గుంజలన్నీ మనుషులయ్యాయి. అన్నలు లేచారు. వందేళ్ళ కిందటివాళ్ళూ లేచి, "పోటు తగ్గిందా?" అని అడిగి, తమనెవరూ గుర్తుపట్టని ఇళ్ళకి నడిచారు. పెళ్ళివిందులో వాళ్ళకొక వరస వేశారు. ఎంత వడ్డించినా చాలలేదు. వందేళ్ళ ఆకలి!

హయో, మిల్డ్రిత జుట్టు నెరిసేదాకా రాజ్యమేలారు. వాళ్ళ పిల్లలు రెండు భాషలూ కలిపేసి తప్పులతడకగా మాట్లాడేవారు. తల్లిదండ్రులు ఒక్క తప్పూ దిద్దలేదు. కథ ఒడ్డెక్కింది, మనం పక్కెక్కుదాం.